గెడ్డ పాత దారి

డెహ్రాడూన్,
అక్టోబరు 12, 1997

బావకి,

నిన్న సాయంత్రం హాస్టలుకి చేరాను. ఢిల్లీలో బండి మారేటప్పుడు, అమ్మ అంత బాధలోనూ కట్టిచ్చిన అటుకుల పొట్లం ఎవరో ఎత్తుకుపోయారు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ ప్లాట్‌ఫారం మీదే కూర్చుని ఏడ్చాను.

నువ్వు చెప్పావని వచ్చేశాను గానీ మనసొప్పడం లేదు. "నువ్వుండి సేసేదేటి? ఎల్లి సదువుకో, మేమెతుకుతాం" అన్నావు. కానీ అక్క ఏమైందో తెలియకుండా నేనిక్కడ పాఠాలు వినడమేమిటి? కళ్ళు మూసుకుంటే, వరద రోజు అక్క చందుని అందించిన సంగతి చెప్తున్న మీ పక్కింటి కనకరత్నం గారి గొంతే వినిపిస్తోంది. "'గుంటని ముందందుకో వదినా, ఎనకాల నానెక్కుతాను' అంది. సన్‌షేడు మీద్నుంచి వొంగి గుంటని అందుకున్నాను. మళ్ళీ సెయ్యిచ్చీసరికి గోడా నేదు, గౌరీ నేదు."

బయల్దేరేముందు అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు ఆకాశం మీద్నుంచి ఫొటోలు తీత్తారట గదే. మీ యక్క ఏ దిక్కునుందో సూడవే" అంది. సరేనన్నాను. నీకు మాత్రం నిజం చెప్తాను, అమ్మకి చెప్పకు. మాకు దొరికే రంగుల ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క అంటే నేలమీద ఇరవైమూడు మీటర్లు. మీ ఇల్లు, కనకరత్నం గారి ఇల్లు, ముందున్న రోడ్డు, అన్నీ కలిసి ఆ ఒక్క చుక్కలో ఇమిడిపోతాయి. నలుపు తెలుపుల్లో తీసేది కొంచెం మెరుగు. అందులో లారీ ఆగి ఉంటే ఆనవాలు తెలుస్తుందేమో. మనిషి తెలియదు.

అయినా ఒకటి చేయగలను. చెరువు తెగి, గెడ్డ పొంగి వచ్చిన వరద నీళ్ళు ఎటు వెళ్ళాయో, ఎక్కడ ఆగాయో చూడగలను. మా ప్రొఫెసర్ శ్రీరామ్మూర్తి గారు మన తెలుగువారే. ఆయనతో చెప్పాను. "సబ్బవరం చుట్టుపక్కల నేలా నీటిపారుదలా" అన్న పేరుతో దీన్నే నా ప్రాజెక్టుగా తీసుకోమన్నారు. కొత్త చిత్రాలు తెప్పిస్తానన్నారు.

చందు ఎలా ఉంది? అన్నం తింటోందా? మీరంతా ఎక్కడుంటున్నారో రాయి.

నీలిమ


గాజువాక,
అక్టోబరు 26

నీలిమా,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు.

సబ్బవరం ఇంట్లో ఇక ఉండలేం. ముందు గది గోడ మొత్తం పోయింది. ఆటోనగర్‌కి దగ్గరగా ఉంటుందని గాజువాకలో రెండు గదులు అద్దెకి తీసుకున్నాను. అత్త ఇక్కడే ఉండి చందుని చూసుకుంటోంది. మావ పొలం పని మీద చీపురుపల్లి వెళ్ళి వస్తున్నాడు. నేను వర్క్‌షాపుకి వెళ్తున్నాను. లేతు మిషను ముందు నిలబడితే కాసేపు ఏమీ గుర్తుండదు.

చందు తింటోంది. ఎవరైనా అడిగితే "అమ్మ గెడ్డకెలిపోనాది, వొచ్చేత్తాది" అంటోంది. అలా చెప్పమని దానికి ఎవరూ నేర్పలేదు.

ప్రాజెక్టు తీసుకున్నావు, మంచిది. నిదానంగా చెయ్యి, తొందరేం లేదు. సెలవులిచ్చినా అంత దూరం నుంచి రాకు. మీ నాన్న ఏదైనా రాస్తే కంగారుపడి చదువు మానుకోకు. నిన్ను అక్కడికి పంపడానికి గౌరి మావతో ఎంత పోట్లాడిందో నేను పక్కనే ఉండి చూశాను. "నాను పదోతరగతితో ఆగిపోనాను. ఇది ఆగితే నానూరుకోను" అంది. ఆ మాట మర్చిపోకు.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

అప్పలసూరి


డెహ్రాడూన్,
నవంబరు 20

బావా,

దొరికింది. అక్క కాదు, దారి.

అక్టోబరు సగం దాకా ఉపగ్రహం ఎప్పుడు అటు వెళ్ళినా మీ మీద మబ్బే. ఆ తర్వాత తీసిన ఒక చిత్రంలో మబ్బు లేదు. తడి నేల అందులో నల్లగా కనిపిస్తుంది, వరద వదిలిన ఇసుక మేటలు తెల్లగా కనిపిస్తాయి. పైన చెరువు గట్టు తెగిన చోటు నుంచి ఒక నల్లటి చార బయల్దేరింది. అది ఇప్పటి గెడ్డలోకి పోకుండా నేరుగా మీ కాలనీలోకి వచ్చింది. ఎందుకొచ్చిందో ముందు అర్థం కాలేదు.

అప్పుడు పాత టోపోషీటు, అంటే సర్వే వాళ్ళ పటం, తీశాం. కంప్యూటర్లో దాన్ని అడుగున పెట్టి, దాని మీద పదేళ్ళ కిందటి చిత్రాన్ని, ఆ పైన ఈ ఏటి చిత్రాన్ని పరిచాం. జి.ఐ.ఎస్. అని నేను ఎప్పుడూ చెప్పేది దీని గురించే. ఒకే నేల తాలూకు వేర్వేరు కాలాల పటాలని ఒకే కొలతకి తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం. పాత పటంలో గెడ్డ మీ కాలనీ నడిమధ్య నుంచి పోతోంది బావా. పదేళ్ళ కిందటి చిత్రంలోనూ సన్నగా ఆ దారి ఉంది. తర్వాత ఎవరో మట్టి పోసి, గెడ్డని పక్కకి మళ్ళించి, ప్లాట్లు వేసి అమ్మారు. ఆ రోజు నీళ్ళు వాటి పాత దారిలోనే వెళ్ళాయి.

మీ ఇల్లు ఎక్కడొస్తుందో చూద్దామని ప్రింటు మీద పెన్సిల్ ఆనించాను. గెడ్డ గీత మీదే పడింది. శ్రీరామ్మూర్తి గారు వచ్చి నా చేతిలో పెన్సిల్ తీసుకున్నారు.

దీనితో పాటు పటం పంపుతున్నాను. నీళ్ళు నెమ్మదించి, మోసుకొచ్చినదాన్ని వదిలే అవకాశమున్న చోట్లు మూడు గుర్తుపెట్టాను. మొదటిది కాలనీ దాటాక ఇటుక బట్టీ వాళ్ళు మట్టి తవ్విన గొయ్యి. రెండోది రోడ్డు కల్వర్టుకి ఎగువన ముళ్ళకంపలున్న చోటు. మూడోది మేఘాద్రి రిజర్వాయరులో గెడ్డ కలిసే మొగ దగ్గర పడిన ఒండ్రు మేట. నాకు మొదటి దాని మీదే అనుమానం ఎక్కువ. ఎవరినైనా తోడు తీసుకుని వెళ్ళు. ఒక్కడివే వెళ్ళకు.

ఏం దొరికినా దాచకుండా రాయి. నేను తట్టుకోగలను.

నీలిమ


గాజువాక,
డిసెంబరు 8

నీలిమా,

నువ్వు చెప్పిన మూడు చోట్లకీ వెళ్ళాను. వర్క్‌షాపులో నాతో పనిచేసే గవర్రాజు వచ్చాడు. కల్వర్టు దగ్గర కంప నరికించి చూశాం. రిజర్వాయరు దగ్గర చేపలు పట్టేవాళ్ళని అడిగాం. బట్టీ గోతి దగ్గర చాలాసేపు ఉన్నాను. నీళ్ళు ఇంకిపోయాయి, తుంగ మొలిచింది. అక్కడ ఏమీ లేదు.

నీ పటం చూసి గవర్రాజు "ఇంత తిన్నగా గీసీసినాదేటి బావా, ఆ పొద్దు గెడ్డ పక్కనే నిలబడి సూసినట్టు!" అన్నాడు. కాలనీ వాళ్ళు దాన్ని జిరాక్సులు తీయించుకున్నారు. తలో కాపీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. లేఅవుటు వేసిన ఆసామి ఇల్లు తాళం వేసి ఉంది.

అత్త రోజూ అడుగుతోంది, నీలిమ ఫొటోలో ఏమన్నా కనిపించిందా అని. చూస్తోందని చెప్తున్నాను. గౌరి వస్తే కట్టుకుంటుందని ఒక చీర గంజి పెట్టి ఉంచింది. ఉదయం పూట నాకు ఆ ఇంట్లోంచి బయటపడితే చాలనిపిస్తోంది.

నువ్వు సరిగ్గా తిను. చలి ఎక్కువగా ఉంటుందట కదా అక్కడ. వీలైతే ఇక ఆ చిత్రాలు పక్కన పెట్టి మిగతా పాఠాలు చదువుకో.

అప్పలసూరి


డెహ్రాడూన్,
జనవరి 10, 1998

బావా,

నేను వచ్చేస్తున్నాను.

కొత్త చిత్రం ఒకటి చూశాను. రిజర్వాయరు నీరు బాగా తగ్గింది. గెడ్డ మొగ దగ్గర ఒండ్రు మేట పూర్తిగా బయటపడింది. నువ్వు డిసెంబరులో వెళ్ళినప్పుడు అందులో సగం నీళ్ళకిందే ఉండి ఉంటుంది. ఇప్పుడు తవ్వితే తెలుస్తుంది. పైనుంచి కింద దాకా నేనే దగ్గరుండి తవ్విస్తాను.

ఇప్పుడు మధ్యలో వెళ్తే ఏడాది పోతుందని శ్రీరామ్మూర్తి గారు అన్నారు. "పోనీయండి సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మా, ఈ చిత్రాలు నేల సంగతి చెప్తాయి. మనుషుల సంగతి చెప్పవు" అన్నారు. నాకు తెలియదా? తెలిసే వెతుకుతున్నాను. తెరమీద ఏ నల్లటి మచ్చ కనిపించినా పెద్దది చేసి చూస్తాను. ఏ కొబ్బరి తోపు నీడో అవుతుంది. మొన్న శనివారం అలా ఒక నీడని మధ్యాహ్నం దాకా చూస్తూ కూర్చున్నాను. నా పక్కన పనిచేసే అమ్మాయి వచ్చి కంప్యూటరు కట్టేసింది.

నాన్న తరచు ఉత్తరాలు రాస్తున్నాడు. అందులో ఏముందో నీకు తెలుసో తెలియదో. అదంతా వచ్చాక మాట్లాడుకుందాం. ముందు అక్క దొరకాలి. దొరికితే అమ్మ ఒక్కసారి గట్టిగా ఏడుస్తుంది. ఇప్పుడు ఆమెకి అది కూడా లేదు.

నెలాఖరుకి బయల్దేరతాను. నలుగురు కూలీలని మాట్లాడి ఉంచు.

నీలిమ


గాజువాక,
జనవరి 18

నీలిమా,

రావద్దు. తవ్వాల్సిందేమీ లేదు. గౌరి దొరికింది. అక్టోబరులోనే దొరికింది.

ఈ మాట ఇన్నాళ్ళూ ఎలా దాచానో నాకే తెలియడం లేదు. మొదటి నుంచీ చెప్తాను, చివరిదాకా చదువు.

నిన్ను ఢిల్లీ బండి ఎక్కించిన మర్నాడు వర్క్‌షాపుకి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. బట్టీ గోతిలో నీళ్ళు తోడుతుంటే ఒక ఆడమనిషి దొరికిందని, పెద్దాసుపత్రి మార్చురీలో ఉందని, వచ్చి చూడమని అన్నాడు. గవర్రాజు నాతో వచ్చాడు. ముఖం చూసి చెప్పగలిగేలా లేదు నీలిమా. కాలి మట్టెలు చూసి చెప్పాను. పెళ్ళిలో నేనే తొడిగినవి, ఎడమ దానికి చిన్న సొట్ట ఉంది. గది బయటికొచ్చాక గవర్రాజు గోడకి ఆనుకుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

అత్త ఆ స్థితిలో చూడకూడదనుకున్నాను. అంతే అనుకున్నాను అప్పటికి. అక్కడే బయట కొట్లో చీర కొని, సిటీలోనే దహనం చేసేశాం. మర్నాడు అస్థికలు అప్పికొండ దగ్గర సముద్రంలో కలిపాను. ఇంటికెళ్ళి అందరినీ కూర్చోబెట్టి చెబుదామనే వచ్చాను. ఒట్టు.

గేటు తీయబోతుంటే అరుగు మీద మావ మాట వినిపించింది. అత్తతో అంటున్నాడు. "గౌరి ఇంక నేదని తేలిపోతే దినకార్యం అవ్వగానే నీలిమని పిలిపించీద్దాం. గుంట దిక్కులేనిదైపోతాది. ఎవులో పరాయిదాన్ని తెచ్చీకంటే సొంత పిన్ని మేలు గదా. అప్పలసూరి కాదనడు. నీలిమ నా మాట దాటదు." అత్త ఏమందో వినపడలేదు. మావ మళ్ళీ అన్నాడు. "తేలాలి గదా మరి, అందుకే ఆగినాను."

నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. గౌరి నీకోసం పోట్లాడినదంతా గుర్తొచ్చింది. నీకు సీటొచ్చిందని కార్డు వచ్చిన రోజు అది కాలనీ అంతా స్వీట్లు పంచింది. లోపలికెళ్ళి ఆ ఒక్క మాట చెప్తే, పదకొండో రోజుకి నువ్వు ఇక్కడుంటావు. చెప్పకపోతే చదువు పూర్తయ్యేదాకా నిన్నెవరూ కదపలేరు. కనబడని మనిషికి దినాలు చేయరు కదా. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి "ఇయ్యాలా ఏటీ తెలీనేదు" అన్నాను.

ఏప్రిల్లో నీ కోర్సు అయ్యాక చెబుదామనుకున్నాను. ఇంతలో నీ పటం వచ్చింది. నువ్వు ఎక్కువ అనుమానం ఉందన్న చోటే గౌరి దొరికింది. సరిగ్గా కనిపెట్టావు. ఆ కాగితం పట్టుకుని గవర్రాజు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. నీకు అబద్ధం రాయడం ఇష్టం లేక నిజంగానే మూడు చోట్లకీ వెళ్ళాను. ఆ గోతి దగ్గర మాత్రం కూర్చుండిపోయాను.

నువ్వు ఏడాది వదులుకుని ఒండ్రు తవ్వడానికి వస్తానంటే ఇక దాచలేను. నన్ను తిట్టు. చదువు మాత్రం మానకు.

అప్పలసూరి


డెహ్రాడూన్,
జనవరి 27

అప్పలసూరి గారికి,

మీ ఉత్తరం అందింది.

అక్కని మార్చురీలో చూసి, చీర కొని, కాల్చి, సముద్రంలో కలిపి, చేతులు కడుక్కుని వచ్చి నాకు "నిదానంగా చెయ్యి, తొందరేం లేదు" అని రాశారు. నేను మూడు నెలలుగా మీ జిల్లా నేలనంతా చుక్క చుక్కగా గాలించాను. నా కళ్ళ కింద నల్లచారలు చూసి హాస్టల్లో అందరూ జ్వరమా అని అడిగేవారు. వెతుకుతున్నానని గొప్పగా చెప్పేదాన్ని.

మీకు తెలియనిది నేనూ ఒకటి చెప్తాను. నాన్న నవంబరు మొదట్లోనే రాశాడు, అక్క పోయిందని తేలితే చందు కోసం నేను మిమ్మల్ని చేసుకోవాలని. నేను సరేనని జవాబు రాసేశాను. పటం మీద ఆ మూడు చోట్లు గుర్తుపెట్టేటప్పుడు, వీటిలో ఎక్కడ అక్క దొరికినా నా చదువు అక్కడితో సరి అని తెలుసు నాకు. తెలిసే పెట్టాను. అక్క నీళ్ళలో ఒక్కతీ ఉండకూడదని పెట్టాను. మీరేమో నన్ను కాపాడుతున్నాననుకున్నారు. నన్ను ఒక్క మాట అడిగారా? నాన్న అడగలేదు, మీరూ అడగలేదు.

నాన్నతో "నాను సేసుకోను మావా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అది అనడానికి భయపడి మా అక్క చావునే లేకుండా చేశారు. ఆమె కోసం ఎవరూ ఏడవకుండా చేశారు. అమ్మ ఇంకా చీరకి గంజి పెడుతోంది.

అమ్మకి మీరే చెప్పాలి. నేను చెప్పను.

నీలిమ


గాజువాక,
ఫిబ్రవరి 9

నీలిమా,

చెప్పాను.

చందుని కనకరత్నం గారి దగ్గర దింపి వచ్చాను. అత్త వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. చేట కింద పెట్టలేదు, తల ఎత్తలేదు. ఏరుతూనే, "ఏ సీర కట్టబెట్టి పంపినావు?" అంది. "కొత్తదే అత్తా. ఆకుపచ్చది కొన్నాను" అన్నాను. అప్పుడు చూసింది నా వైపు. "దానికి ఆకుపచ్చంటే గిట్టదు బాబూ" అంది. అంతే. చేటలో బియ్యం అంతా తడిసిపోయింది.

మావ వచ్చి నా మీద చెయ్యెత్తాడు. కొట్టలేదు. అరుగు మీద కూలబడి "నా బిడ్డని నాకు సూపించకుండా..." అని అదే మాట పదేపదే అన్నాడు.

నువ్వు రాసింది నిజం. ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదో ఇన్నాళ్ళకి నాకు నేనే చెప్పుకున్నాను, నీకూ రాస్తున్నాను. ఆ రోజు కాదనగలనని నాకు నమ్మకం లేదు. చందు అప్పుడు పగలూ రాత్రీ ఏడుస్తోంది. దాన్ని ఎత్తుకునే చెయ్యి ఒకటి దొరికితే చాలనిపించేది. మావ నా ముందుకొచ్చి అడిగుంటే సరే అనేసేవాణ్ణేమో. అనేస్తే గౌరి ముఖం ఎలా గుర్తుతెచ్చుకోవాలి? నీకంటే ఎక్కువగా నన్ను చూసుకునే భయపడ్డాను.

మార్చి మొదటి వారంలో దినకార్యం పెట్టారు. నిన్ను రమ్మనీ అనలేను, వద్దనీ అనలేను. నీ ఇష్టం.

అప్పలసూరి


డెహ్రాడూన్,
మార్చి 19

బావా,

మళ్ళీ ఇలాగే పిలవాలనిపించింది. కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోవడం లేదు. కానీ ఇంకోలా పిలిస్తే అక్కకి దూరమైపోతున్నట్టుంది.

దినకార్యం భోజనాలయ్యాక నాన్న అందరి ముందూ పెళ్ళి మాట ఎత్తగానే నువ్వు లేచి "నాను సేసుకోను మావా" అన్నావు. నాన్న నా వైపు తిరిగి "నువ్వు రాసిచ్చినావు గదే" అన్నాడు. "రాశాను నాన్నా. అప్పుడు అక్క ఉందో లేదో తెలియక, దుఃఖంలో రాశాను. ఇప్పుడు ఏడ్చాక అడుగుతున్నావు, ఇప్పుడు వద్దంటున్నాను" అన్నాను. ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. నాన్న ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. స్టేషనుకీ రాలేదు. అమ్మ మాత్రం, గంజి పెట్టి ఉంచిన చీర నా చేతిలో పెట్టి "నువ్వు కట్టుకో" అంది.

నువ్వు మావయ్యలని బస్సెక్కించడానికి వెళ్ళినప్పుడు జరిగింది నీకు చెప్పలేదు. ఆ చీర కట్టుకుని డాబా మీద బట్టలు తీస్తున్నాను. వెనక నుంచి చందు పరిగెత్తుకుంటూ వచ్చి మోకాళ్ళు వాటేసుకుంది. ముఖం చీరకి ఆనించి "అమ్మా" అంది. నేను కదల్లేదు బావా. ఎంతసేపో తెలియదు, అలాగే నిలబడి ఆ పిలుపు తీసుకున్నాను. ఊరుకుంటే చాలు, నేనే అమ్మనైపోతాను అనిపించింది. అంత సులువు.

కూర్చుని దాని ముఖం నా వైపు తిప్పుకున్నాను. "నాను అమ్మని కాదమ్మా. పిన్నిని" అన్నాను.

"అమ్మేది మరి?"

"అమ్మ సచ్చిపోయింది చందూ. గెడ్డ నీళ్ళల్లో పడిపోయింది. ఇంక రాదు."

అది ఏడవలేదు. నా ముఖంలోకి చూసి, "నీకెవులు సెప్పినారు?" అంది.

"మీ నాన్న."

"నాకు సెప్పనేదేటి?"

దానికి జవాబు నువ్వే ఇవ్వాలి.

ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేశాను. పూడ్చిన గెడ్డల మీద వేసిన కాలనీలు మీదొక్కటే కాదు, చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. వాటన్నిటికీ పటాలు చెయ్యడానికి విశాఖపట్నం యూనివర్సిటీలో ఒక పని ఉందని శ్రీరామ్మూర్తి గారు చెప్పారు. జూన్‌లో చేరతాను. మీ ఇంట్లో ఉండను, హాస్టల్లో ఉంటాను. ఆదివారాలు చందు కోసం వస్తాను. పిన్నిగా వస్తాను.

నన్నొకసారి అప్పికొండ తీసుకెళ్ళు. అక్కని ఏ రాయి దగ్గర కలిపావో చూడాలి.

నీలిమ


గాజువాక,
ఏప్రిల్ 5

నీలిమా,

నీ ఉత్తరం చదివాక మూడు నాలుగు రోజులు చందు కళ్ళలోకి చూడలేకపోయాను. ఇవాళ ఆదివారం. పొద్దున్నే దాన్ని, అత్తని తీసుకుని అప్పికొండ వెళ్ళాను. నువ్వొచ్చాక మళ్ళీ వెళ్దాం.

రాళ్ళ పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ గోతిలో దొరికిందని, నేను చూశానని, ఇక్కడే కలిపానని చెప్పాను. అర్థమయ్యేటట్టు చెప్పడం నాకు చేతకాలేదు. తడబడ్డాను. అది ఇసుక మీద కాలితో గీస్తూ వింది. "నీళ్ళు సల్లగా ఉంతాయి గదా, అమ్మకి సలేసిందా?" అని అడిగింది. తెలియదన్నాను. నిజంగా తెలియదు. అత్త దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. ముగ్గురం అక్కడ ఏడ్చాం. గౌరి పోయిన తర్వాత నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి.

కాలనీలో మన ఇల్లున్న వరసలో మళ్ళీ మట్టి తోలుతున్నారు. కొత్త ప్లాట్లని చెప్పి ఎక్కడెక్కడి నుంచో జనాన్ని కార్లలో తెచ్చి చూపిస్తున్నారు. కనకరత్నం గారి ఆయన, నేను వీలైనప్పుడల్లా వెళ్ళి ఆ జనానికి నీ పటం చూపిస్తున్నాం. కొందరు ఆగి చూస్తారు. ఎక్కువమంది మమ్మల్ని పిచ్చివాళ్ళనుకుని వెళ్ళిపోతారు. మొన్న వచ్చినవాళ్ళలో ఒకామె చంకలో పిల్ల ఉంది. ఆమె భర్త మట్టి మీద అడుగులు వేసి వంటగది ఎక్కడొస్తుందో ఆమెకి చూపిస్తున్నాడు. నేను వెళ్ళి పటం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్క సీటు ముసలామె చందుకి జామకాయ ఇచ్చి, "మీ యమ్మ రానేదేటే?" అని అడిగింది. ఇదివరకైతే నేనే ఏదో ఒకటి చెప్పి మాట మార్చేసేవాణ్ణి. ఈసారి నోరు తెరవలేదు. చందు జామకాయ కొరికి, నమిలి, మింగాక చెప్పింది.

"సచ్చిపోనాది. మా నాన్న సెప్పినాడు."

అప్పలసూరి